ఘ్రాణమార్గమును కనుగొన్న మహనీయుడు: సాంటియాగో రామోన్ కహాల్ (1852–1934)

లోకమున మహాపురుషులని పేరొందినవారిలో కొందరు రాజ్యములను జయించిరి. కొందరు సముద్రములను దాటి క్రొత్త దేశములను కనుగొనిరి. ఇల్లు కదలక, చిన్న గదిలో సూక్ష్మదర్శని యెదుట కూర్చుండి, మనుష్యుని మెదడను దేశమునకు తగిన పటమును వ్రాసిన ఘనుడు స్పెయిన్ దేశస్థుడైన సాంటియాగో రామోన్ కహాల్. వాసన ముక్కునుండి మెదడునకు ఏ త్రోవను పోవునో, ఆ త్రోవలో ఏ నాడీకణము దేనికి వార్తను అందిచ్చునో స్పష్టముగా చూపినవాడతడే. ఆతని చరిత్రము విద్యార్థులకు మిక్కిలి ఉపయుక్తము. ఏలయన బాల్యమున అతడు తలిదండ్రులకును ఉపాధ్యాయులకును ఎంతో బెంగ కలిగించిన బాలుడు.

వాసనను గూర్చి మనము సాధారణముగా ఆలోచింపము. మృగశిర కార్తెలో తొలకరి చినుకు పడగానే నడిగడ్డ నేలనుండి లేచు పరిమళమును గద్వాల బాలుడు కన్నులు మూసికొనియే గుర్తించును. వనపర్తి అంగడిలో వేయించిన వేరుసెనగల కమ్మదనమును, ప్రక్క దుకాణమునందలి కిరసనాయిలు కంపును ఒక్కమారు ముక్కు సోకినను రెంటిని వేఱుచేసి చెప్పగలము. గాలి యొక్కటే, ముక్కు ఒక్కటే, మెదడు ఒక్కటే. ఐనను ఒక వాసన మఱియొక దానిలో కలిసిపోవుట లేదు. ఇది యెట్లు సాధ్యమగుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్న మెదడు ఎట్టి వస్తువులతో, ఎట్టి కూర్పుతో నిర్మింపబడినదో ముందు తెలియవలెను. ఆ సంగతినే కహాల్ కనుగొనెను.

కహాల్ 1852వ సంవత్సరము మే 1వ తేదీన స్పెయిన్ దేశపు ఉత్తరభాగమున పెటీలా డె అరగోన్ అను చిన్న కొండపల్లెలో జన్మించెను. తండ్రి హుస్తో రామోన్ బీదకుటుంబమున పుట్టి, స్వయంకృషిచే వైద్యుడైనవాడు. అతడు కఠినుడు, క్రమశిక్షణ ప్రియుడు. తన కుమారుడును వైద్యుడు కావలెనని ఆతని దృఢసంకల్పము. కుమారునికో బొమ్మలు వ్రాయుట తప్ప వేఱొకటి రుచింపదు. కాగితము దొరికిన కాగితముపైని, దొరకనిచో గోడలపైని చిత్రములు వ్రాయుచుండెడివాడు. ఆ పిచ్చి మాన్పుటకై తండ్రి ఒకనాడు కుమారుడు వ్రాసిన చిత్రమును దేవాలయమునకు సున్నము పూయుటకు వచ్చిన ఒక పనివానికి చూపి అభిప్రాయము నడిగెను. వీనికి చిత్రకళ పట్టుపడదని ఆ పనివాడు తీర్పు చెప్పెను. ఆనాటినుండి బాలునకు రంగులును కుంచెలును నిషిద్ధములాయెను.

నిషేధించిన కొలది బాలుని అల్లరి పెచ్చు పెరిగెను. పదునొకండేండ్ల వయస్సున అతడు తోడి బాలురతో కూడి ఒక కొయ్య దూలమును తొలిచి ఫిరంగిగా చేసి, మందు కూరి, పొరుగువాని తోట తలుపుపై ప్రేల్చెను. తలుపు తునియలాయెను, బాలుడు కొన్ని దినములు చెఱసాలలో గడపెను. పాఠశాలలో అతనికి చదువు అంటలేదు. బట్టీపట్టుట ఆతనికి గిట్టదు. ఉపాధ్యాయుల బెత్తము ఆతనిని మార్చలేదు. విసిగిన తండ్రి అతనిని కొంతకాలము మంగలికడను, కొంతకాలము చెప్పులు కుట్టువానికడను పనికి కుదిర్చెను. ఆశ్చర్యమేమన, చెప్పులు కుట్టుటలో బాలుడు మంచి నేర్పు సంపాదించెను. ఆ చేతిలోని సూక్ష్మమైన నైపుణ్యమే తరువాత మెదడును పలుచని పొరలుగా కోయుటకు అక్కఱకు వచ్చినదని తలంచుట తప్పు కాదు.

1868వ సంవత్సరపు వేసవిలో తండ్రి ఒక ఉపాయమును పన్నెను. పాడుపడిన శ్మశానమునుండి మనుష్యుల యెముకలు తెచ్చి, వానినే పుస్తకముగా పెట్టి కుమారునికి శరీరనిర్మాణ శాస్త్రమును బోధింప నారంభించెను. ఎముకను చేతబట్టి, దాని గుంటలను గట్టులను పరిశీలించి, చూచినది చూచినట్లు చిత్రింపవలెను. బొమ్మలపై మోజుగల బాలునకు ఇంతకంటె ఇష్టమైన చదువేది? తండ్రి కోరిన వైద్యమును, కొడుకు కోరిన చిత్రకళయు అచట ఒక్కటాయెను. నాడు నిందకు గురియైన ఆ అభిరుచియే పిమ్మట లోకమునకు మహోపకారము చేసెను. పిల్లవాని యిష్టమును అణచుటకంటె దానిని మంచి త్రోవకు మరల్చుట మేలని తలిదండ్రులు ఈ సంగతివలన గ్రహింపవచ్చును.

1873లో కహాల్ సరగోస నగరమున వైద్యపట్టము పొందెను. మరుసటి సంవత్సరము సైన్యవైద్యుడుగా క్యూబా ద్వీపమునకు పోయి, అచట మలేరియా జ్వరముచే కృశించి 1875లో స్వదేశమునకు తిరిగివచ్చెను. 1877లో మాడ్రిడ్ నగరమున డాక్టరు పట్టమునకై పోయినపుడు సూక్ష్మదర్శని క్రింద కనబడు లోకమును చూచి ముగ్ధుడై, స్వంత ధనముతో ఒక సూక్ష్మదర్శనిని కొని యింటనే పరిశోధన ఆరంభించెను. 1878లో క్షయవ్యాధి సోకి రక్తము కక్కుకొనినను, విశ్రాంతిచే కోలుకొని మరల పని కుపక్రమించెను. 1879లో సిల్వేరియా ఫన్యానాస్ అను యువతిని వివాహమాడెను. వారికి ఏడుగురు సంతానము. చాలీచాలని జీతముతో సంసారమును ఈడ్చుచు, భర్త పరిశోధనకు వలసిన వస్తువులకు లోటు రాకుండ ఆ గృహిణి చూచుకొనెను. 1883లో అతనికి వాలెన్సియా విశ్వవిద్యాలయమున ఆచార్య పదవి లభించెను. 1885లో ఆ ప్రాంతమున కలరా వ్యాపించినపుడు కహాల్ ఆ వ్యాధిని గూర్చి చేసిన కృషికి మెచ్చి, సరగోస రాష్ట్రాధికారులు అతనికి జైస్ కంపెనీవారి శ్రేష్ఠమైన సూక్ష్మదర్శని నొకదానిని బహూకరించిరి.

అప్పటికి పండితలోకమున ఒక గొప్ప వివాదము జరుగుచుండెను. శరీరమంతయు కణములచే నిర్మితమని అందరు నొప్పుకొనిరి. మెదడు సంగతిలో మాత్రము అనుమానము. మెదడులోని సన్నని పోగులన్నియు ఒకదానితో నొకటి అతుకుకొని, ఆద్యంతములు లేని ఒకే వలయై యున్నవని చాలమంది విశ్వసించిరి. ఇటలీ దేశస్థుడైన కమిల్లో గోల్జి ఆ పక్షమునకు నాయకుడు. గోల్జి 1873లో ఒక అద్భుతమైన పద్ధతిని కనుగొనియుండెను. మెదడు ముక్కను పొటాషియం డైక్రోమేటు ద్రావకమున నానబెట్టి, పిమ్మట సిల్వర్ నైట్రేటులో ముంచినచో, వందలకొలది కణములలో కొలదిమాత్రమే నల్లనై, పసుపుపచ్చని నేలపై సిరాతో వ్రాసిన చెట్లవలె కొమ్మరెమ్మలతో కనబడును. అన్ని కణములును నల్లబడినచో ఏదియు తెలియదు. కొన్నియే నల్లబడుట ఆ పద్ధతి యొక్క మేలు. తాను కనుగొన్న ఈ పద్ధతితో చూచియు గోల్జి వలనే చూచెను.

గద్వాల చీరను ఎఱిగినవారికి ఈ వివాదము సులభముగా బోధపడును. ఆ చీరకు ఒడలు నూలు, అంచు పట్టు. దూరమునుండి చూచువారికి అంతయు ఒక్క వస్త్రమే. మగ్గముకడ నిలిచి పరికించినచో నూలుపోగు ఎచట ముగిసెనో, పట్టుపోగు ఎచట మొదలాయెనో, రెండును ఎట్లు ఒకదానిని ఒకటి పట్టుకొనెనో తెలియును. మెదడు ఒకే వలయా, లేక వేఱ్వేఱు పోగుల కూర్పా? తేల్చుకొనవలెనన్న ఆ కూడలిని చూడవలెను. ఇది వట్టి మాటల తగవు కాదు. అంతయు ఒకే వలయైనచో ఒక మూల పుట్టిన వార్త అన్ని మూలలకు ప్రాకును. అట్టి మెదడు మల్లెను, కిరసనాయిలును ఎట్లు వేఱుపరుపగలదో చెప్పుట కష్టము.

1887లో మాడ్రిడ్ నగరమున లూయిస్ సిమర్రో అను వైద్యుని యింట కహాల్ గోల్జి పద్ధతిచే చేసిన పొరలను మొదటిసారి చూచెను. ఆ యేటనే అతడు బార్సెలోనా విశ్వవిద్యాలయమునకు మారి ఆ పద్ధతిని మెఱుగుపఱచెను. ఒకమారు కాక రెండుమార్లు ద్రావకములలో ముంచెను. అంతకంటె ముఖ్యముగా, పెద్ద జంతువుల మెదడునకు బదులు పక్షుల పిండములను, పసి జంతువుల మెదడును తీసికొనెను. ఏపుగా పెరిగిన జొన్నచేనిలో ఏ ఆకు ఏ మొక్కదో తెలియదు. మొలక దశలో చూచినచో ఒక్కొక్క మొక్క విడివిడిగా కనబడును. ఆ యుక్తియే ఇదియు. 1888లో పక్షుల చిన్నమెదడును పరిశీలింపగా, కణముల పోగులు ఒకదానిని ఒకటి చుట్టుకొని, తాకునంత దగ్గఱకు వచ్చి నిలుచుచున్నవే కాని, అతుకుకొనుట లేదని అతనికి కనబడెను. ప్రతి నాడీకణము స్వతంత్రమైన వ్యక్తి.

ఈ సంగతిని ప్రకటించుటకు అతడు తన ఖర్చుతో ఒక పత్రికను స్థాపించెను. మొదటి సంచిక 60 ప్రతులు మాత్రమే. వానిలో అధికభాగము పరదేశపు పండితులకు ఉచితముగా పంపెను. స్పానిష్ భాషలోని ఆ పత్రికను చదివినవారు అరుదు. అంతట 1889 అక్టోబరులో కహాల్ స్వంత ఖర్చుతో బెర్లిన్ నగరమున జరిగిన శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుల సభకు పోయెను. వచ్చీరాని ఫ్రెంచి భాషలో మాటాడుచు, తాను తెచ్చిన పొరలను సూక్ష్మదర్శని క్రింద పెట్టి ఒక్కొక్కరిని పిలిచి చూపెను. ఆ కాలపు పండితులలో వృద్ధుడును, గౌరవనీయుడునైన కోలికర్ చూచి, ఆశ్చర్యపడి, తన పూర్వాభిప్రాయమును మార్చుకొనెను. 1891లో జర్మనీ పండితుడు వాల్డేయర్ ఈ విడివిడి కణమునకు న్యూరాన్ అని పేరిడెను.

ఇక వాసనమార్గమునకు వత్తము. ముక్కులోపల పైభాగమున ఒక పొర కలదు. ఆ పొరలోని నాడీకణములకు ఒక కొన గాలివైపునకు, రెండవ కొన మెదడువైపునకు చాచియుండును. మెదడువైపు పోవు సన్నని తంతువులు జల్లెడవలె తూట్లుగల ఎముకద్వారా పైకి పోయి, మెదడు క్రిందిభాగమున నున్న చిన్న గడ్డలో ప్రవేశించును. దానికి ఘ్రాణకందమని పేరు. 1890లో కహాల్ ఈ కందమును గూర్చి తన పరిశోధనమును ప్రకటించెను. ముక్కునుండి వచ్చిన తంతువులన్నియు ఘ్రాణకందపు పైపొరలో చిన్న చిన్న గుండ్రని గుచ్ఛములలో ముగియుచున్నవి. వీనిని గ్లోమెరులసులందురు. కందము లోపలనుండి మఱియొక జాతి కణములు తమ కొమ్మను ఆ గుచ్ఛములోనికి పంపి, పొదవలె విప్పియున్నవి. ఆ కణముల ఆకారము క్రైస్తవ బిషప్పులు ధరించు మైటరు అను టోపీని పోలియుండుటచే వానికి మిట్రల్ కణములని పేరు. ముక్కుతంతువు గుచ్ఛమునందు ముగియును; మిట్రల్ కొమ్మ గుచ్ఛమునందు మొదలగును. రెండును కలియు తావు అదియొక్కటే. రెంటి నడుమ అతుకు లేదు. తంతువు గుచ్ఛమును దాటి లోనికి పోవుట లేదు. వార్త ఒకరి చేతినుండి మఱియొకరి చేతికి అందింపబడుచున్నది.

ఈ చిన్న గడ్డ కహాల్‌కు మఱియొక గొప్ప సత్యమును నేర్పెను. వాసన పుట్టునది ముక్కులో; తెలియబడునది మెదడులో. కావున ఈ మార్గమున వార్త ఏ దిక్కునకు పోవుచున్నదో సందేహము లేదు. మిట్రల్ కణమున వార్తను పుచ్చుకొనునది గుచ్ఛములోని కొమ్మ. దానిని ముందునకు పంపునది కణమునుండి బయలుదేఱు పొడుగాటి తీగ. కంటిలోని పొరయందును ఇదే క్రమము కనబడెను. అంతట 1891లో కహాల్ ఒక నియమమును ప్రతిపాదించెను. నాడీకణములో వార్త కొమ్మలనుండి కణశరీరమునకు, అచటనుండి తీగ చివఱకు, ఒకే దిక్కున ప్రవహించునని దాని సారాంశము. నాగర్‌కర్నూలు కేసరిసముద్రమువంటి చెఱువునందు నీరు తూమునుండి కాలువకు, కాలువనుండి బోదెకు, బోదెనుండి మడికి పాఱునే కాని, మడినుండి తూమునకు ఎదురెక్కదు. ఈ నియమముతో కణముల చిత్రమును చూచి వార్త ఎటు పోవునో చెప్పుట సాధ్యమాయెను. అందుచేతనే కహాల్ చిత్రములలో చిన్న చిన్న బాణపు గుర్తులు కనబడును. ఇంగ్లండు దేశపు షెరింగ్టన్ 1897లో కణములు కలియు ఆ తావునకు సినాప్సు అని పేరు పెట్టెను.

ఐతే అదే ఘ్రాణకందమున ఈ నియమమునకు లొంగని వస్తువొకటి కలదు. మిట్రల్ కణములకు లోపలివైపున గింజలవంటి చిన్న కణములు లెక్కకు మిక్కిలిగా నున్నవి. వీనికి కొమ్మలున్నవి, వార్తను పంపుటకు తగిన పొడుగాటి తీగ లేదు. తీగలేని కణము వార్తను ఎట్లు పంపును? దానికి బాణపు గుర్తు ఎటు పెట్టవలెను? తన నియమమునకు అడ్డువచ్చిన దానిని కహాల్ దాచలేదు. లేని తీగను ఉన్నట్లు చిత్రింపనూలేదు. ఉన్నది ఉన్నట్లే వ్రాసి పెట్టెను. మెదడు లోతట్టునుండి తిరిగి కందమునకే వచ్చు తంతువులను కూడ అతడు గమనించి చిత్రించెను. తండ్రికడ ఎముకలను చూచి వ్రాసిననాటి శిక్షణము ఇచట ఫలించినది.

1892లో కహాల్ మాడ్రిడ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడాయెను. 1894లో లండన్ రాయల్ సొసైటీవారు ఆహ్వానింపగా పోయి ఉపన్యసించెను. 1906లో నోబెల్ బహుమానము గోల్జికిని కహాల్‌కును కలిపి యిచ్చిరి. డిసెంబరు నెలలో స్టాక్‌హోమ్ నగరమున ఇరువురును మొదటిసారి కలిసికొనిరి. ఒకని పద్ధతితోనే రెండవవాడు విజయము గాంచెను. ఐనను ఒకని సిద్ధాంతమును రెండవవాడు ఖండించెను. గోల్జి తన బహుమానోపన్యాసమున న్యూరాన్ సిద్ధాంతమునే ఎదుర్కొనెను. మరునాడు కహాల్ తాను చూచిన సాక్ష్యములను వరుసగా చెప్పి, గోల్జి కనుగొన్న పద్ధతికి తగిన గౌరవము నిచ్చెను. ఒకే పొరను ఇరువురు పండితులు చూచి, ఒకడు వలను, ఒకడు విడి కణములను చూచుట విచారింపదగిన విషయము. మనస్సు ముందుగా నిశ్చయించుకొన్నదానినే కన్ను వెదకును.

తుదకు న్యాయము చెప్పినది క్రొత్త యంత్రము. 1950 తరువాత ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శనితో చూడగా రెండు నాడీకణముల నడుమ సన్నని ఎడము స్పష్టముగా కనబడెను. గోల్జి 1926లోను, కహాల్ 1934లోను గతించియుండిరి. గింజకణముల చిక్కును 1966లో అమెరికా పరిశోధకులు విప్పిరి. మిట్రల్ కణపు ప్రక్కకొమ్మయు, గింజకణపు కొమ్మయు కలిసిన చోట వార్త రెండు దిక్కులకును పోవును. మిట్రల్ కణము గింజకణమును మేల్కొల్పును; గింజకణము వెంటనే ఆ మిట్రల్ కణమును, దాని పొరుగు కణములను అణచును. సంతలో అందరును కేకలు వేయుచున్నపుడు ప్రక్కవారిని ఊరకుండుమన్నచో ఒకని మాట స్పష్టముగా వినబడును గదా. వాసనలను వేఱుపఱచుటకు ఈ అణచివేత తోడ్పడుచున్నది. ఒకే దిక్కు నియమమునకు ఇది మినహాయింపు. కాని ఆ మినహాయింపును విప్పుటకు ఆధారమైనది కహాల్ నిజాయితీతో వ్రాసిపెట్టిన చిత్రమే.

1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అను పరిశోధకులు ముక్కులోని కణములు వాసనలను పట్టు గ్రాహకములను కనుగొని 2004లో నోబెల్ బహుమానము పొందిరి. ఎలుకలో ఇట్టివి సుమారు 1000 జాతులు. మనుష్యునిలో సుమారు 400. ముక్కులోని ఒక్కొక్క కణము ఒక్క జాతి గ్రాహకమునే ధరించును. ఒకే జాతి గ్రాహకముగల వేలకొలది కణములు ముక్కులో చెదరియున్నను, వాని తంతువులన్నియు ఘ్రాణకందమున ఏరికోరి ఒకటి రెండు గుచ్ఛములకే చేరును. కావున ఒక్కొక్క వాసనకు ఒక్కొక్క తీరున గుచ్ఛములు మేల్కొనును. మల్లెకు ఒక కూర్పు, కిరసనాయిలునకు మఱియొక కూర్పు. మిట్రల్ కణములు ఆ వార్తను మెదడునందు వాసనను గుర్తించు భాగములకును, భావోద్రేకములకు సంబంధించిన భాగములకును కొనిపోవును. ఒక వాసన తగిలినంతనే ఎన్నడో మఱచిన ఇల్లో, తల్లి వంటయో మనస్సునకు వచ్చుటకు ఇది యొక కారణము. 1890లో కహాల్ చూపిన ఆ కూడలియే నేటికిని ఈ శాస్త్రమునకు పునాది.

వార్ధక్యమునను కహాల్ పని విడువలేదు. 1930లో భార్య మరణించెను. 1934వ సంవత్సరము అక్టోబరు 17వ తేదీన తన 82వ యేట మాడ్రిడ్ నగరమున కహాల్ కన్నుమూసెను. ఆతని చేతివ్రాతతో నున్న వేలకొలది చిత్రములు నేటికిని నిలిచియున్నవి. వైద్యవిద్యార్థులు నేటికిని వానిని చూచి నేర్చుకొనుచున్నారు.

విద్యార్థులారా! కహాల్ పుట్టుకతో ధనికుడు కాడు. పాఠశాలలో మొదటివాడు కాడు. శాస్త్రములో వెనుకబడిన దేశమున, లోకులు చదువని భాషలో వ్రాసినవాడు. అతనికున్నవి నిశితమైన కన్ను, నేర్పుగల చేయి, అలయని పట్టుదల. వానితోడ మఱియొక గుణము కలదు. తన సిద్ధాంతమునకు అనుకూలమైనదానిని ఎంత శ్రద్ధతో చిత్రించెనో, ప్రతికూలమైనదానిని కూడ అంత శ్రద్ధతోనే చిత్రించెను. మీ విజ్ఞానశాస్త్రపు నోటుపుస్తకములో ఒక పువ్వునో, ఒక ఆకునో చిత్రించునపుడు పుస్తకములోని బొమ్మను చూచి దిద్దక, చేతిలోనున్న పువ్వును చూచి వ్రాయుడు. అందులో ఒక రేకు తక్కువైనచో తక్కువగానే వ్రాయుడు. ఆ తక్కువైన రేకుననే రేపటి శాస్త్రము దాగియుండవచ్చును.